కాగితము ఆగినచో కట్టడము ఆగును

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అను సామెతను ఎరుగని తెలుగువారుండరు. ఇల్లు కట్టించుటలో కష్టములు ఎవ్వి యనినచో మనకు మొదట స్ఫురించునవి డబ్బు, సిమెంటు, ఇసుక, కూలీలు. ఇవి చాలనప్పుడు పని నిలిచిపోవుట సహజమే. కాని ఇవన్నియు సిద్ధముగానుండియు పని సాగని సందర్భములు పెక్కు కలవు. మేస్త్రి వచ్చును, కడ్డీలు దిగును, సెంట్రింగు పూర్తియగును. అయినను స్లాబు పడదు. కారణమేమని విచారించినచో, ఎచ్చటనో ఒక బల్లమీద ఒక కాగితము సంతకమునకై వేచియుండును. పెద్ద కట్టడములలో ఇట్టి కాగితములను సక్రమముగా నడిపించుటకు నేడు ప్రత్యేకమైన కంప్యూటరు సాఫ్ట్‌వేరు వాడుకలోనికి వచ్చినది. అది చేయగల పనియేమి, చేయలేని పనియేమి యను విషయము ఇంజనీర్లకే గాక, అపార్టుమెంటు కొనదలచిన గృహస్థునకును తెలియదగినది.

ఒక ఉక్కు దూలమును ఉదాహరణముగా తీసికొందము. ఆర్కిటెక్టు దాని స్థానమును నిర్ణయించును. ఇంజనీరు దాని పరిమాణమును లెక్కకట్టును. దానిని తయారుచేయు కార్ఖానావారు, ఏ రంధ్రము ఎచ్చట వేయవలెనో, ఏ బోల్టు ఎచ్చట బిగింపవలెనో వివరించుచు వేరొక డ్రాయింగు గీచి ఇంజనీరుకు పంపుదురు. ఆయన ఆమోదించిన పిదపనే ఉక్కు కోయుదురు. ఈ పరిశీలనకు ఒప్పందములో 14 దినముల గడువున్నదనుకొందము. లోపము కనిపించి ఆయన త్రిప్పి పంపినచో, సవరించుటకు 7 దినములు, మరల పరిశీలనకు 14 దినములు. వెరసి 35 దినములు. నడుమ ఆ డ్రాయింగు ఎవరి సొరుగులోనో ఒక వారము మరుగుపడినచో 42 దినములు. ఈలోపల క్రేను అద్దె పెరుగుచుండును. ఆ దూలముపై స్లాబు వేయవలసినవారు, ఆ స్లాబు క్రింద విద్యుత్తు తీగలు లాగవలసినవారు వరుసగా వేచియుందురు. ఒక దూలము సంగతియే ఇట్లుండగా, పెద్ద ఆసుపత్రికో విమానాశ్రయమునకో డ్రాయింగులు వేలకొలది యుండును.

ఆలస్యముకంటె కీడైనది మరియొకటి కలదు. ఒక డ్రాయింగు పలుమార్లు సవరింపబడును. మూడవ సవరణ వెలువడిన పిమ్మట కూడ, పనిచోట మేస్త్రి చేతిలో రెండవదే యుండవచ్చును. అతడు దానిని నమ్మి గోడ లేపును. లేపిన గోడను పిదప పగులగొట్టవలసివచ్చును. ఆ మేస్త్రి పనితనములో లోపము లేదు. అతని చేతికి వచ్చిన కాగితములోనే లోపము. పూర్వము గ్రామకరణము కవిలెకట్టలో ఒక భూమికి ఒకే లెక్క యుండెడిది. ఒకే భూమికి రెండు లెక్కలున్నచోట తగవు తప్పదు. కట్టడమునకును ఇదే న్యాయము.

పత్రనిర్వహణ సాఫ్ట్‌వేరు చేయు ప్రధానకార్యము ఈ ఒకే లెక్కను నిలుపుట. ప్రతి డ్రాయింగునకు ఒక సంఖ్య, ప్రతి సవరణకు ఒక గుర్తు ఉండును. అన్నియు ఒకేచోట భద్రపరుపబడును. క్రొత్త సవరణ ఆమోదము పొందిన తోడనే పాతది వాడుకనుండి తొలగి, రికార్డులలో మాత్రము నిలిచియుండును. పనిచోటనున్న ఇంజనీరు తన చేతి ఫోనులో చూచినను, నగరములోని ఆర్కిటెక్టు తన కార్యాలయమున చూచినను, కనిపించునది ఒకటే ప్రతి. ఏ కాగితము ఎవరికి ఏ దినమున చేరినది, ఎవరు తెరచి చూచిరి, జవాబు గడువు ఎన్నడు అను వివరములు దానియంతటదే నమోదగును. గడువు సమీపించినప్పుడు జ్ఞాపిక వెళ్లును. దాటినప్పుడు పై అధికారికి తెలియును.

ఈ పద్ధతికి అంతర్జాతీయ ప్రమాణము కూడ ఏర్పడినది. ఐ.ఎస్.ఓ. 19650 అను ప్రమాణము మొదటి రెండు భాగములు 2018లో ప్రకటింపబడినవి. దాని ప్రకారము ప్రతి పత్రమునకును నాలుగు దశలు కలవు: తయారగుచున్నది, ఇతరుల పరిశీలనకు పంచుకొన్నది, పనికై విడుదలయైనది, భద్రపరుపబడినది. విడుదల కాని కాగితమును పట్టుకొని ఎవరును కట్టరాదనుట ఇందలి సారము.

గడువును కాపాడుటకు ఇది తోడ్పడు విధము మరియొకటి యున్నది. పనుల పట్టికను, పత్రముల పట్టికను జతపరచి వెనుకకు లెక్కించుకొనవచ్చును. జూలై మొదటి దినమున దూలము నిలుపవలెననినచో, తయారీకి 6 వారములు, పరిశీలనకు 2 వారములు కావలెను. అనగా మే నెల మొదటివారములోనే డ్రాయింగు ఇంజనీరుకు చేరవలెను. ఒకసారి త్రిప్పిపంపుటకు అవకాశముంచుకొన్నచో ఏప్రిల్‌లోనే చేరవలెను. జూలైలో తెలియవలసిన ఆలస్యము ఏప్రిల్‌లోనే తెలిసిపోవుట గొప్ప లాభము. ముందుగా తెలిసిన ఆలస్యమునకు విరుగుడుండును.

అయితే కాగితము వేగముగా నడచినంతమాత్రమున అంతయు సరిగా జరిగినట్లు కాదు. అమెరికాలోని కాన్సాస్ సిటీ నగరమున జరిగిన ఘోరమే దీనికి తార్కాణము. అచ్చట 1980లో హయత్ రీజెన్సీ హోటలు తెరువబడినది. దాని విశాలమైన ముందుశాలలో నాల్గవ అంతస్తు వంతెనయు, దానికి సరిగా దిగువను రెండవ అంతస్తు వంతెనయు ఉక్కు కడ్డీలతో పైకప్పునుండి వ్రేలాడుచుండెను. మొదటి ప్లానులో రెండు వంతెనలకును అవే నిడుపాటి కడ్డీలు. తయారీలో సౌకర్యమునకై అవి మార్పబడి, క్రింది వంతెన పై వంతెననుండి వ్రేలాడునట్లు చేయబడినది. మన ఇండ్లలోని ఉట్టిని తలచుకొన్నచో ఇది సులభముగా బోధపడును. ఒకే త్రాటికి రెండు ఉట్లను వేరువేరుగా ముడివేసినచో, ప్రతి ముడియు తన కుండ బరువునే మోయును. పై ఉట్టికే క్రింది ఉట్టిని తగిలించినచో, పై ముడి రెండు కుండలను మోయవలసివచ్చును.

మార్చిన డ్రాయింగుపై ఇంజనీర్ల కార్యాలయముద్ర పడినది; కాని మారిన బిగింపునకు ఎవరును లెక్క కట్టలేదు. మార్పునకు ఫోనులో అనుమతి పొందితిమని ఒక పక్షము, అట్టి ఫోను రాలేదని మరియొక పక్షము తరువాత వాదించినవి. 1981 జూలై 17వ తేదీ సాయంకాలమున, శాలలో నృత్యకార్యక్రమము జరుగుచుండగా ఆ రెండు వంతెనలును కూలినవి. 114 మంది మరణించిరి. 200 మందికి పైగా గాయపడిరి. మొదటి ప్లానులోని బిగింపు కూడ నగరనియమములు కోరిన బలములో సుమారు 60 శాతమే కలదనియు, మార్పుతో అది మరింత క్షీణించెననియు విచారణలో తేలినది.

నేటి సాఫ్ట్‌వేరు ఆనాడున్నచో ఏమి జరిగెడిది? మార్పు ఎవరు కోరిరి, ఎవరు ఒప్పుకొనిరి అను వివాదమునకు తావుండెడిది కాదు. బిగింపు మారినదను సంగతి అందరి కంటను పడియుండెడిది. అయినను కూర్చుండి లెక్క కట్టవలసినది మనిషియే. ముద్ర వేయుటకు యంత్రము క్షణములో తోడ్పడును. ముద్రకు ముందు ఆలోచించు బాధ్యతను అది స్వీకరింపదు. కనుక పరిశీలనకు ఉంచిన 14 దినములలో గడువు పేరిట కోత పెట్టరాదు. కోయవలసినది కాగితము సొరుగులో నిద్రించు దినములను.

ఇక గృహస్థుని మాట. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము ప్రకారము, రిజిస్టరైన ప్రాజెక్టు నిర్మాత తాను పొందిన అనుమతులను, ఇంకను రావలసిన అనుమతులను, పని పురోగతిని మూడు నెలలకొకసారి నియంత్రణ సంస్థ వెబ్‌సైటులో తెలుపవలెను. కట్టడపు ఆమోదిత ప్లానును మార్చుటకు, కొన్నవారిలో మూడింట రెండువంతుల మంది ముందుగా వ్రాతమూలకముగా అంగీకరింపవలెను. కావున జీవితకాలపు కూడబెట్టుబడిని అప్పగించునప్పుడు మాదిరి ఇంటి సొగసు చూచి రాక, రెండు ప్రశ్నలు అడుగవలెను: ఆమోదము పొందిన తుది ప్లాను ఏది? రావలసిన అనుమతి ఎవరివద్ద, ఎన్నాళ్లుగా ఆగియున్నది? ఈ రెండింటికి తడుముకొనక జవాబు చెప్పగల నిర్మాత కాగితములు సరియైన దారిలో నున్నవని తలంపవచ్చును. జవాబు రానిచోట, గృహప్రవేశమునకు ముహూర్తము పెట్టించుకొనుటకు తొందరపడకుండుట మేలు.