అద్దాన్ని తోసే వెలుగు

గురుత్వ తరంగాలను పసిగట్టే లైగో డిటెక్టర్‌లో ఒక్కో అద్దం బరువు 40 కిలోలు. గాలి తీసేసిన గదిలో, సన్నని గాజు తీగలకు వేలాడుతూ ఉంటుంది. డిటెక్టర్ కొలత సరైనదో కాదో తేల్చాలంటే, ఆ అద్దాన్ని ముట్టుకోకుండా, ఎంత కదులుతుందో ముందే లెక్క తెలిసేలా కదపాలి. ఆ పని చేసేది ఫొటాన్ కాలిబ్రేటర్ అనే లేజర్ పరికరం. గురుత్వ తరంగాల గురించి లైగో చెప్పే కొలతలకు సాక్షి అదే.

2015 సెప్టెంబర్ 14న అందిన తొలి తరంగం అమెరికాలోని హాన్‌ఫర్డ్, లివింగ్‌స్టన్ డిటెక్టర్ల 4 కిలోమీటర్ల భుజాలను మార్చింది ప్రోటాన్ వ్యాసంలో కొన్ని వందల వంతుల్లో ఒకటి మాత్రమే. ఇంత చిన్న కొలతలో ఒక శాతం తప్పు దొర్లినా, తరంగం వచ్చిన దూరంలోనూ ఒక శాతం తప్పు వస్తుంది. విశ్వం ఎంత వేగంగా విస్తరిస్తోందో తేల్చడానికి ఆ దూరాలు కూడా ఒక ఆధారం.

వెలుగుకు ఒత్తిడి ఉంటుందని 19వ శతాబ్దంలో మాక్స్‌వెల్ సిద్ధాంతం చెప్పింది. 1900 ప్రాంతంలో రష్యాలో లెబెదెవ్ దాన్ని కొలిచి చూపించారు. నూరేళ్ల తర్వాత గ్లాస్గో బృందం తమ 10 మీటర్ల నమూనా డిటెక్టర్‌ను ఆ ఒత్తిడితోనే సరిచూసింది. ఒక వాట్ వెలుగు అద్దం మీద పడి వెనక్కి మళ్లితే కలిగే బలం 6.7 నానోన్యూటన్లు. మైక్రోగ్రాము బరువుకన్నా అది తక్కువే.

తొలి ప్రయోగాల్లో ఒక చిక్కు బయటపడింది. కిరణాన్ని అద్దం నడిమధ్యన వేస్తే, అద్దం కదలడంతో పాటు ఆ చోట కాస్త నొక్కుకుపోతుంది. డిటెక్టర్ కదలికను చదివేదీ అక్కడే. పౌనఃపున్యం పెరిగేకొద్దీ ఈ తప్పు పెరిగింది. అందుకే ఇప్పుడు ఒక కిరణాన్ని రెండుగా చీల్చి, మధ్య నుంచి సుమారు 11 సెంటీమీటర్ల పైన ఒకటి, కింద ఒకటి వేస్తారు. ఆ వెలుగు ఎన్ని వాట్లో కొలిచే ప్రమాణాన్ని అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో సరిచూసి తెస్తారు.

ఇక అసలు నేర్పు పౌనఃపున్యాల ఎంపికలో ఉంది. లేజర్ వెలుగును ఎంచుకున్న లయలో పెంచుతూ తగ్గిస్తూ ఉంటే, డేటాలో ఆ పౌనఃపున్యం దగ్గర సన్నని గీత నిలుస్తుంది. మొదటి పరిశీలన కాలంలో హాన్‌ఫర్డ్ ఎంచుకున్న వాటిలో 36.7, 331.9, 1083.7 హెర్ట్జ్ ఉన్నాయి. 36.7కు పక్కనే 35.9 దగ్గర, అద్దాన్ని అదుపు చేసే విద్యుత్ బలంతో మరో గీత వేశారు. అద్దం మీద విద్యుదావేశం పేరుకుంటే ఆ బలం మారిపోతుంది. పక్కపక్క గీతలను పోల్చితే మార్పు దొరికిపోతుంది. 331.9 దగ్గర డిటెక్టర్ స్పందన తగ్గుముఖం పట్టే మలుపు ఉంది. ఆ మలుపు పక్కకు జరిగిందేమో ఈ గీత చెబుతుంది. 1083.7 పైస్థాయిలో కాపలా.

గీత పడిన చోట డిటెక్టర్‌కు ఇంకేమీ కనబడదు. అందుకని ఎక్కడ పడితే అక్కడ గీత వేయరు. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్, దాని గుణిజాల దగ్గర రొద పెడుతుంది. 500 దగ్గర అద్దాన్ని వేలాడదీసిన తీగలే మోగుతాయి. క్రాబ్ పల్సార్ అనే గిరగిరా తిరిగే నక్షత్రం గురుత్వ తరంగాలు పంపుతుంటే 59 హెర్ట్జ్ దగ్గర వినిపించాలి. ఆ చోటును వదిలి తీరాలి. రెండు డిటెక్టర్లలో ఒకే అంకె ఉంటే, రెండింటా కనబడింది కాబట్టి ఆకాశం నుంచే వచ్చిందని వెతుకులాట పొరబడుతుంది. అందుకే హాన్‌ఫర్డ్‌లో 331.9 అయితే, లివింగ్‌స్టన్‌లో 331.3. పైగా పౌనఃపున్యం రెట్టింపైతే కదలిక నాలుగో వంతుకు పడిపోతుంది. 36.7 దగ్గర వచ్చేంత కదలిక 1083.7 దగ్గర రావాలంటే సుమారు 870 రెట్ల వెలుగు కావాలి. అంత లేజర్ లేదు కాబట్టి, పైస్థాయి గీతను చిన్నదిగా ఉంచి ఎక్కువసేపు సగటు తీస్తారు.

కృష్ణబిలాలు ఢీకొని పంపిన తరంగాల కబురు పతాక శీర్షికలకు ఎక్కుతుంది. దాన్ని నమ్మదగిన కొలతగా మార్చిన ఈ ఓపికకూ అంతే గౌరవం దక్కాలి. మహారాష్ట్ర హింగోలి జిల్లాలోని ఔంఢా దగ్గర కట్టే లైగో ఇండియాకు 2023లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. మన కరెంటు 50 హెర్ట్జ్. కాబట్టి 50, 100, 150ల రొదను తప్పించుకుంటూ, అమెరికా డిటెక్టర్ల అంకెలను వదిలేసి, ఇక్కడి శాస్త్రవేత్తలు తమ గీతలను కొత్తగా ఎంచుకోవాలి. లైగో ఇండియా చెప్పే ప్రతి దూరం విలువా ఆ ఎంపిక మీద ఆధారపడుతుంది.