అమ్మడానికి లోకమంతా ఉంది.. కొనడానికి సరుకేది?

డిగ్రీ చేతికొచ్చింది. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియదు. ఫోన్ తెరిస్తే మాత్రం ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు.. 'పాత సామాను ఆన్‌లైన్ వేలంలో పెట్టండి, డాలర్లు సంపాదించండి' అని. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో చదువు ముగించిన తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న కూడా ఇదే. 'అన్నా, ఈబేల అకౌంట్ ఎట్ల తెరవాలె?' అంటారు. నేను తిరిగి ఒక్కటే అడుగుతా.. 'ఏం అమ్ముతవ్?' చాలాసార్లు మాట అక్కడే ఆగిపోతుంది.

అకౌంట్ తెరవడం పెద్ద పని కాదు. ఫొటో తీయడం, నాలుగు మాటలు రాయడం రెండు రోజుల్లో వచ్చేస్తాయి. అసలు చిక్కు సరుకు దగ్గరే. తక్కువకు దొరకాలి, చట్టానికి లోబడి ఉండాలి, పగలకుండా చేరాలి, మళ్లీ వచ్చే నెల కూడా దొరకాలి. ఈ నాలుగూ కలిసిన వస్తువును వెతకడమే ఈ వ్యాపారంలో తొంభై వంతుల పని. మిగతాదంతా టైపింగే!

ముందు వేలం సంగతి తెలుసుకుందాం

ఈబే 1995లో అమెరికాలో మొదలైంది. అందులో మొదట అమ్ముడైన వస్తువు పాడైపోయిన లేజర్ పాయింటర్. ధర 14.83 డాలర్లు. పాడైందని తెలిసే కొన్నారు. 'ఎవరికీ అక్కరలేనిది కూడా ఎక్కడో ఒకరికి కావాలి' అన్న సూత్రం అక్కడే పుట్టింది.

మన దేశంలో బాజీ.కామ్ 2000లో మొదలైంది. 2004లో ఈబే దాన్ని కొనేసింది. 2017లో ఈబే ఇండియా ఫ్లిప్‌కార్ట్ చేతికి వెళ్లింది, 2018 ఆగస్టులో మూతపడింది. అంటే మన దగ్గర ఒకరికొకరు వేలంలో అమ్ముకునే ఆ పెద్ద వేదిక ఇప్పుడు లేదు. మన అమ్మకందారులు ఈబేలో అమ్ముతున్నది విదేశాల వాళ్లకే. డబ్బు పేయోనీర్ లాంటి సంస్థల ద్వారా బ్యాంకు ఖాతాకు చేరుతుంది. కొత్తవాళ్లు నెలకు ఇన్ని వస్తువులే, ఇంత విలువ వరకే పెట్టాలనే పరిమితి కూడా ఉంటుంది.

ఇంకో విషయం. అన్ని వస్తువులూ వేలానికి పనికిరావు. ధర ఎంతో ఎవరికీ సరిగ్గా తెలియనప్పుడే పాట పెరుగుతుంది. అదే టీషర్టు వంద దుకాణాల్లో దొరుకుతుంటే దాని కోసం ఎవరూ పోటీ పడరు. అలాంటివి నిర్ణీత ధరకే పెట్టాలి. ఒక్కటే ఉన్నదీ, మళ్లీ దొరకనిదీ వేలంలో పెట్టాలి. సరుకు వెతికేటప్పుడు ఈ తేడా మనసులో ఉంచుకోండి.

సిరిసిల్ల: బట్ట ఉంది, వస్తువు లేదు

'మా ఊళ్లో సాంచాలు ఉన్నయ్ కదా, బట్టకేం తక్కువ?' అని సిరిసిల్ల పిల్లలు అంటారు. నిజమే. 2017 నుంచి బతుకమ్మ చీరలు నేసిన ఊరది. అయితే అక్కడి సాంచాల మీద ఎక్కువగా నడిచేది కూలి పని. యజమాని నూలు ఇస్తాడు, ఆసామి నేసి ఇస్తాడు, బట్ట తానులుగా వెళ్లిపోతుంది. తాను తెచ్చి వేలంలో పెడితే కొనేవాడు ఉండడు. రంగు, కుట్టు, కొలతలు, ప్యాకింగ్ పూర్తయితేనే అది 'వస్తువు' అవుతుంది. ఆ మధ్య ఖర్చే లాభాన్ని మింగేస్తుంది.

మరి అదే ఊరి నుంచి అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల విజయ్ పేరు దేశమంతా తెలిసింది. వెల్ది హరిప్రసాద్ చేత్తో నేసిన జీ20 లోగో గురించి ప్రధాని 2022 నవంబరులో 'మన్ కీ బాత్'లో చెప్పారు. ఆ రెండింటికీ విలువ తెచ్చింది నూలు బరువు కాదు. నేసిన చేయి, దాని వెనకున్న కథ. వేలంలో పలికేది అలాంటిదే. కానీ అలాంటివి నెలకు ముప్పై దొరకవు. దొరికినా నేతకారుడితో ముందే ధర మాట్లాడుకుని, ఆయన పేరుతోనే అమ్మడం న్యాయం.

ఒక హెచ్చరిక. సాంచా బట్టను 'చేనేత' అని రాసి అమ్మొద్దు. చేనేతకు హ్యాండ్లూమ్ మార్క్ ఉంది, కొన్ని రకాలను చేనేతకే కేటాయించిన 1985 నాటి చట్టమూ ఉంది. విదేశీ కొనుగోలుదారుడు ఒక్కసారి మోసపోయానని రాస్తే మీ ఖాతా మళ్లీ లేవదు. చేనేతే కావాలంటే సహకార సంఘాల్లో బిల్లుతో కొనండి. కోరుట్ల పక్కనే మెట్‌పల్లి ఖాదీ ఉంది. అక్కడ కూడా బిల్లు అడిగి తీసుకోండి.

జగిత్యాల: పాత నాణెం చేతిలో ఉంటే..

ఆన్‌లైన్ వేలం అనగానే చాలామందికి గుర్తొచ్చేది పాత నాణేలు. జగిత్యాల జిల్లాలో ఈ ఆశ ఇంకా ఎక్కువ. గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాలలో శాతవాహనుల నాణేలు, అంతకు ముందు పాలకుల నాణేలు కూడా బయటపడ్డాయి మరి. తాతల పెట్టెల్లో నిజాం కాలపు చార్మినార్ నాణేలూ కనిపిస్తాయి.

ఇక్కడ చట్టం చాలా స్పష్టం. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన నాణెం, విగ్రహం, కళావస్తువు పురావస్తువే. రాతప్రతులకైతే డెబ్బై ఐదేళ్లే. వీటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. దేశంలో వ్యాపారం చేయాలన్నా లైసెన్సు ఉండాలి. చివరి నిజాం ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కింది 1911లో. అంటే ఆయన తొలినాళ్ల నాణేలు కూడా ఇప్పటికే వందేళ్లు దాటేశాయి. ఇక చేనులోనో, ఏటి ఒడ్డునో దొరికింది మీది కాదు, కలెక్టర్‌కు తెలపాలి. ఇంట్లో మిగిలిపోయిన రద్దయిన 500, 1000 నోట్ల మీద కూడా ఆశ పెట్టుకోకండి. 2017 చట్టం ప్రకారం పదికి మించి దగ్గర ఉంచుకోవడమే నేరం. పరిశోధన, నాణేల సేకరణ చేసేవాళ్లకు మాత్రం 25 దాకా సడలింపు ఉంది.

'ట్రాక్టర్ బొమ్మ ఉన్న అయిదు రూపాయల నోటుకు లక్షలు' అనే ప్రకటనలు మీరూ చూసే ఉంటారు. ఇందులో సరుకు మీదే, మోసపోయేదీ మీరే. ముందు 'రిజిస్ట్రేషన్' అంటారు, తర్వాత 'పన్ను', ఆ తర్వాత 'కమీషన్'. రిజర్వ్ బ్యాంక్ పేరుతోనే కాగితాలు పంపిస్తారు. ఇలాంటి వ్యవహారాలతో తమకు సంబంధం లేదనీ, ఎలాంటి రుసుమూ అడగమనీ రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. ఒక్క సూత్రం గుర్తుంచుకోండి.. కొనేవాడు డబ్బు ఇస్తాడు, అడగడు. పొరపాటున పంపితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

కోరుట్ల: గల్ఫ్ నుంచి వచ్చిన ఫోన్

కోరుట్ల చుట్టుపక్కల గల్ఫ్‌కు పోయినవాళ్లు లేని వాడ ఉండదు. సెలవు మీద వచ్చేటప్పుడు ఫోన్లు, అత్తర్లు, వాచీలు తెస్తారు. 'వాటిని కొని అమ్మితే?' అన్న ఆలోచన సహజం. కానీ ప్రయాణికుడి సామానుకు కస్టమ్స్ ఇచ్చే మినహాయింపు సొంత వాడకానికి, కానుకలకు. అమ్మడానికి తెప్పిస్తే అది దిగుమతి కిందకే వస్తుంది, సుంకం కట్టాలి.

సెకండ్‌హ్యాండ్ ఫోన్‌కైతే ఇంకో ప్రమాదం ఉంది. దొంగ ఫోన్ అని తెలిసి, లేదా అలా అనుమానించడానికి కారణం ఉండి కొంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317 కింద మూడేళ్ల వరకు జైలు పడొచ్చు. కొనేముందు *#06# నొక్కి ఐఎంఈఐ నంబరు చూడండి. కేవైఎం అని ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసి, ఖాళీ వదిలి, ఆ 15 అంకెలు రాసి 14422కు మెసేజ్ పంపండి. సంచార్ సాథీలోనూ చూడొచ్చు. బిల్లు, అమ్మినవారి ఆధార్ జిరాక్స్, సంతకం తీసుకోండి. ఇవి ఇవ్వనంటే ఎంత చవకైనా వదిలేయండి.

హర్రాజులో కొని అమ్మితే?

సరుకును కూడా ఆన్‌లైన్ వేలంలోనే కొనొచ్చు. ప్రభుత్వ శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు తమకు అక్కరలేని సామానును ఎంఎస్‌టీసీ, జెమ్ పోర్టళ్లలో, రైల్వే తన ఐఆర్‌ఈపీఎస్ పోర్టల్‌లో వేలం వేస్తాయి. ఎవరు పాడొచ్చో ప్రతి లాటు నిబంధనల్లో ఉంటుంది. ఈ-వ్యర్థాలు, పాత బ్యాటరీల్లాంటివి సాధారణంగా అనుమతి ఉన్న రీసైక్లర్లకే ఇస్తారు.

ఇక్కడ కష్టాలు వేరు. సరుకు 'ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే'. లాటులో మంచీ చెడూ కలిసే ఉంటాయి, ఏరుకోనివ్వరు. ముందే ధరావతు కట్టాలి. గడువులోగా మొత్తం డబ్బు కట్టకపోతే ధరావతు పోతుంది. సామాను ఎత్తకపోతే అద్దె పడుతుంది. అందుకే చూడటానికి ఇచ్చిన రోజున స్వయంగా వెళ్లండి. ఫొటో చూసి పాడొద్దు.

మన ఊళ్లలో చిట్టీ పాట చూసినవాళ్లకు ఒక సంగతి తెలుసు. పాటలో గెలిచేది తెలివైనవాడే కానక్కర్లేదు, అవసరం ఎక్కువున్నవాడు కావచ్చు. వేలంలోనూ అంతే. పదిమంది పదిరకాలుగా అంచనా వేస్తే, అందరికంటే ఎక్కువ అంచనా వేసినవాడికే సరుకు వస్తుంది. అర్థశాస్త్రంలో దీన్ని 'విజేత శాపం' అంటారు. వేలం సిద్ధాంతం మీద పనిచేసినందుకే పాల్ మిల్‌గ్రోమ్, రాబర్ట్ విల్సన్‌లకు 2020లో ఆర్థిక శాస్త్ర నోబెల్ వచ్చింది.

ఈ శాపం తగలకుండా ఉండాలంటే లెక్కను వెనక నుంచి మొదలుపెట్టాలి. 40 పాత ఆఫీసు కుర్చీల లాటు అనుకుందాం. 25 బాగుచేసి 600 చొప్పున అమ్మితే 15,000. మిగతా 15 పాత ఇనుప సామానుకు 80 చొప్పున 1,200. మొత్తం 16,200. ఇందులో బండి కిరాయి 2,500, రిపేరు 2,500, మీ కష్టానికి 3,500 తీసేయండి. మిగిలేది 7,700. దీంట్లోనే 18 శాతం జీఎస్టీ కూడా కట్టాలంటే మీ పాట 6,500 దాటకూడదు. ఈ అంకె కాగితం మీద రాసుకుని కూర్చోండి. చివరి నిమిషంలో ఎవరైనా పెంచితే గడువు ఇంకొన్ని నిమిషాలు పొడిగిస్తారు. ఆవేశం పెరిగేది అప్పుడే. 6,500 దగ్గర లేచి చాయ్ తాగడానికి వెళ్లిపోవడమే మంచి పాటగాడి లక్షణం.

విదేశీ అమ్మకం: లాభం ఎక్కడ కరుగుతుంది?

ఒక పాత పట్టుచీర 400కు కొన్నారనుకోండి. శుభ్రం చేసి ప్యాక్ చేయడానికి 60, పంపడానికి 1,100, వెబ్‌సైట్ రుసుము, డాలర్ మార్పిడి కలిపి 468 అయ్యాయనుకుందాం. 2,600కు అమ్మితే మిగిలేది 572. బాగుంది కదా! అయితే అయిదింటిలో ఒకటి 'మరక ఉంది' అని వెనక్కి వస్తే? రుసుములు తిరిగి వచ్చినా, ఆ ఒక్క చీర మీద 1,560 పోతుంది. నాలుగింటి లాభం 2,288లోంచి అది తీసేస్తే అయిదు చీరలకు మిగిలేది 728. చీరకు 146 కూడా పూర్తిగా రాలేదు. అందుకే కొనేటప్పుడే చీరను ఎండలో పరిచి మడత మడతా చూడాలి. లాభం అమ్మేటప్పుడు రాదు, కొనేటప్పుడే వస్తుంది.

దీనికి తోడు, అమెరికాకు 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి పోయింది. సుంకం ఎంతో, ఎవరు కడతారో చూసుకున్నాకే ధర పెట్టండి.

మొదలుపెట్టేవాళ్లు ఇలా చేయండి

- ఏదైనా కొనేముందు, అలాంటిదే ఎంతకు 'అమ్ముడైందో' చూడండి. ఎంతకు 'పెట్టారో' కాదు. ఈబేలో అమ్ముడైనవి మాత్రమే చూపించే ఫిల్టర్ ఉంది.
- ఒక్క రకమే ఎంచుకోండి. చీరలు తెలిసినవాళ్లు చీరలే, బండి విడిభాగాలు తెలిసినవాళ్లు అవే. పది రకాలు పెట్టుకుంటే ఏదీ గుర్తుపట్టలేరు.
- అప్పు చేసి సరుకు కొనొద్దు. మొదటి అయిదు వస్తువులు అమ్మి, డబ్బు ఖాతాలో పడ్డాకే ఆరోది.
- ఎగుమతికి ఐఈసీ కోడ్ కావాలి. డీజీఎఫ్‌టీ వెబ్‌సైట్‌లో రుసుము 500 రూపాయలే. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. ఎవరైనా వేలల్లో అడిగితే ఇవ్వొద్దు. జీఎస్టీ సంగతి ఆడిటర్‌ను అడిగి తెలుసుకోండి.
- తపాలా శాఖ డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాల ద్వారా పార్సిల్ ఎగుమతికి సాయపడుతోంది. మీకు దగ్గర్లో ఎక్కడుందో హెడ్ పోస్టాఫీసులో అడగండి.
- కొన్న తేదీ, ధర, ఎవరి దగ్గర, అన్ని ఖర్చులు ఒక ఎక్సెల్ షీట్‌లో రాయండి.

ఆ చివరి షీట్‌ను తేలిగ్గా తీసుకోకండి. ఆరు నెలలు నిజాయతీగా నింపితే, ఈ వ్యాపారం మీకు నడుస్తుందో లేదో అదే చెబుతుంది. నడవకపోయినా నష్టం లేదు. సరుకు వెతకడం, ధర కట్టడం, ఫొటో, వివరణ, ఎగుమతి కాగితాలు.. ఇవన్నీ ఈ-కామర్స్ కంపెనీల్లో సోర్సింగ్, కేటలాగ్, కొనుగోలు విభాగాల ఉద్యోగాలకు పనికొచ్చేవే. ఇంటర్వ్యూలో 'ఇంతకాలం ఏం చేశావ్?' అని అడిగితే చూపించడానికి లెక్కల పుస్తకం ఉంటుంది. నోటిఫికేషన్ కోసం చదువు ఆపకండి. దాని పక్కనే, వారానికి రెండు సాయంత్రాలు, ఒక్క రకం సరుకుతో మొదలుపెట్టండి.