కుక్కల ప్రేగు వ్యాధులు: పంచాయతీల కర్తవ్యము

కర్మాగారములు వెలసినచోట భోజనశాలలు, మాంసపు అంగళ్లు పెరుగుట సహజము. శ్రీ సిటీ చుట్టునున్న సత్యవేడు, వరదయ్యపాళెం మండలముల గ్రామములకును ఇది తప్పదు. అంగళ్ల వెనుకనే కుక్కలును చేరును.

ఎముకలు తేలి, నెలల తరబడి విరేచనములగుచుండు కుక్కను చూచి, ఎంత తిన్నను ఒంటబట్టదని సరిపెట్టుకొనుట మన అలవాటు. విరేచనములు మూడు వారములు దాటినచో దానిని దీర్ఘవ్యాధిగా ఎంచవలెను. ప్రేగు ఆహారమును జీర్ణించుకొను గొట్టము మాత్రమే కాదు. శరీరమును రక్షించు కణములలో అధిక భాగము దాని గోడలలోనే కాపున్నవి. ఏది ఆహారము, ఏది శత్రువు అని అవి నిత్యము నిర్ణయింపవలెను. మేలుచేయు సూక్ష్మజీవులు ఇందుకు తోడ్పడును. ఈ సమతూకము చెడినప్పుడు ఆ కణములు తిన్న ఆహారముపైననే తిరుగబడును, గోడ వాచును, సారము లోనికి ఇంకదు.

మొదట అనుమానింపవలసినది పురుగులను. రక్తము త్రాగు కొంకిపురుగులు తల్లిపాల ద్వారానే పిల్లలకు సంక్రమించును. కనుక పుట్టిన రెండు వారములకే మందు ఆరంభింపవలెను. మలపరీక్షలో పురుగులు కానరానిచో వైద్యులు ఒకే రకపు ఆహారమును కొన్నాళ్లు పెట్టించి చూతురు. పెక్కు కుక్కలకు దీనితోనే గుణమిచ్చును. ఇంట మిగిలిన మాత్రలు వేయుట మాత్రము కూడదు. యాంటిబయాటిక్ మందులు మేలుచేయు సూక్ష్మజీవులను సైతము చంపును.

దీనితో పంచాయతీకేమి పని యని కొందరు సభ్యులు అడుగవచ్చును. మలముతో పడిన కొంకిపురుగుల గ్రుడ్లు తడినేలలో పొదిగి, వాటి పిల్లలు చెప్పులులేని పాదముల చర్మములో దూరును. ఇంతకంటె మోసకరమైనది ఒక చిన్న బద్దెపురుగు. అది గల కుక్క సాధారణముగా ఆరోగ్యముగనే కనిపించును. కాని దాని మలములోని గ్రుడ్లు నీటితోనో, కూరగాయలతోనో మన కడుపున చేరినచో కాలేయమునందు, ఊపిరితిత్తులయందు నీటితిత్తులు పెరుగును. శస్త్రచికిత్స అవసరము కావచ్చును. గొఱ్ఱెను కోసినప్పుడు నీటిబుడగలున్న కాలేయమును పనికిరాదని కుక్కకు విసరుట వలననే ఈ పురుగు మరల కుక్కను చేరుచున్నది. విసరువారికి ఇది దయగనే తోచును!

మాంసపు వ్యర్థములను కుక్కలు త్రవ్వలేనంత లోతున పూడ్పించుట పంచాయతీ చేతిలోని పని. వీథికుక్కలకు పురుగుల మందు, టీకాలు, సంతాన నియంత్రణ శస్త్రచికిత్స స్థానిక సంస్థల బాధ్యతయని 2023 నాటి కేంద్ర నిబంధనలు తెలుపుచున్నవి. మందు వేయించు దినమును ముందుగా దండోరా వేయించినచో పెంపుడు కుక్కలును వచ్చును. విరేచనములు తగ్గని కుక్క మలమును శుభ్రమైన సీసాలో ఆనాడే పశువైద్యశాలకు పంపవలెను. అచట తేలని రోగములకు తిరుపతిలో 1955లో నెలకొన్న పశువైద్య కళాశాల కలదు.