బ్యాంకు మేనేజరు: వృత్తి – బాధ్యత

సమాజంలో కొన్ని వృత్తులు నమ్మకమనే పునాదిపై నిలిచి ఉంటాయి. వైద్యుని చేతికి ప్రాణాన్ని, ఉపాధ్యాయుని చేతికి బిడ్డ భవిష్యత్తును అప్పగించినట్లే మనిషి తన కష్టార్జితాన్ని బ్యాంకుకు అప్పగిస్తాడు. కుమార్తె వివాహం కోసం రైతు దాచుకొన్న సొమ్ము, పదవీ విరమణ నాడు ఉద్యోగికి అందిన మొత్తం, కూలి డబ్బులో మిగిల్చి పొదుపు సంఘ సభ్యురాలు జమచేసిన కొద్దిపాటి రూపాయలు అన్నీ ఒకే ఇనుప గదికి చేరుతాయి. ఆ సొమ్ముకు శాఖ స్థాయిలో జవాబుదారీ వహించే వ్యక్తి బ్యాంకు మేనేజరు. ఆ పదవిని కోరే యువతీయువకులు దాని గౌరవంతోపాటు దాని భారాన్ని కూడా ముందుగా గ్రహించడం అవసరం.

తెలుగువారికి బ్యాంకింగు చరిత్రతో సన్నిహిత సంబంధం ఉంది. ఒకప్పుడు పల్లెల్లో అప్పు కావలసినవారికి వడ్డీ వ్యాపారి గడపే దిక్కు. అటువంటి కాలంలో స్వాతంత్ర్య సమరయోధుడు డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923 నవంబరులో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో ఆ సంస్థ కార్యకలాపాలు ప్రారంభించింది. 1969 జూలై 19న కేంద్ర ప్రభుత్వం 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేసింది. 1980 ఏప్రిల్ 15న మరో ఆరు బ్యాంకులు జాతీయమయ్యాయి. వాటిలో ఆంధ్రా బ్యాంకు ఒకటి. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైంది.

జాతీయీకరణకు పూర్వం బ్యాంకు ప్రధానంగా పట్టణాలకు, వర్తకులకు పరిమితమైన సంస్థ. ఆ తరువాత శాఖలు పల్లెలకు విస్తరించాయి. 1975లో గ్రామీణ బ్యాంకులు అవతరించాయి. దీనితో మేనేజరు స్వరూపమే మారిపోయింది. బల్ల వెనుక కూర్చొని లెక్కలు చూచే అధికారి పొలం గట్టు మీద నిలబడి పంటను పరిశీలించవలసిన వాడయ్యాడు.

శాఖలో మేనేజరు దినచర్య తాళంచెవులతో మొదలవుతుంది. నగదు భద్రపరచే ఇనుప గదికి ఇద్దరు ఉద్యోగుల వద్ద వేర్వేరు తాళంచెవులు ఉంటాయి. ఇద్దరూ కలిస్తే తప్ప అది తెరుచుకోదు. అదే విధంగా ఒకరు నమోదు చేసిన లావాదేవీని మరొకరు సరిచూచి ఆమోదించాలి. ఎవరినీ అనుమానించడం దీని ఉద్దేశం కాదు. మనిషి పొరబాటు పడవచ్చు, ప్రలోభానికి లోను కావచ్చు. అందువల్ల ఒక్కని చేతిలో సర్వాధికారం ఉంచరాదన్నది బ్యాంకింగు మూలసూత్రం. సాయంత్రం నగదు నిల్వ, ఖాతా లెక్క ఒకదానితో ఒకటి సరిపోవాలి. వంద రూపాయల తేడా వచ్చినా కారణం తేలేవరకు వెదకవలసిందే. వీటితోపాటు కొత్త ఖాతాదారుల గుర్తింపు పత్రాల పరిశీలన, బంగారు నగలపై రుణాలు, లాకర్ల నిర్వహణ, ఫిర్యాదుల పరిష్కారం, సిబ్బందికి పనుల పంపకం మేనేజరు పర్యవేక్షణలోనే జరుగుతాయి.

వీటన్నిటికంటె కఠినమైన కార్యం రుణం మంజూరు చేయడం. బ్యాంకు అప్పుగా ఇచ్చే సొమ్ములో అధికభాగం దానిది కాదు, డిపాజిటుదారులది. అప్పులపై వచ్చే వడ్డీకి, డిపాజిట్లపై చెల్లించే వడ్డీకి మధ్య ఉండే తేడాతోనే బ్యాంకు మనుగడ సాగిస్తుంది. ఉదాహరణకు ఆ తేడా ఏడాదికి మూడు శాతం అనుకొందాం. పది లక్షల రూపాయల అప్పు మీద బ్యాంకుకు మిగిలేది ముప్పై వేలు. అందులోనే జీతాలు, అద్దెలు, ఇతర ఖర్చులు పోవాలి. ఆ ఖర్చులను లెక్కించకపోయినా, పది లక్షల అప్పు ఒక్కటి పూర్తిగా మునిగిపోతే ఆ నష్టం పూడడానికి అంతే మొత్తం గల మరో 34 అప్పుల ఏడాది రాబడి కావాలి. ఒక్క తప్పుడు నిర్ణయం ఎందరి నిజాయితీని మింగివేస్తుందో ఈ లెక్క తెలియజేస్తుంది.

పాత్రమెరిగి దానం, క్షేత్రమెరిగి బీజం అన్నారు పెద్దలు. రుణానికి కూడా ఈ మాట వర్తిస్తుంది. అప్పు ఎందుకు అడుగుతున్నారు, తీర్చడానికి తగిన రాబడి ఉన్నదా, గత అప్పుల విషయంలో నడవడి ఎటువంటిది, తనఖా పెట్టే ఆస్తిపై వివాదాలున్నాయా అన్నవి మేనేజరు పరిశీలించే అంశాలు. తనఖా కేవలం కవచం వంటిది. అప్పు తీర్చవలసింది ఆదాయమే. ఆస్తిని చూచి ఆదాయాన్ని విస్మరించి ఇచ్చిన అప్పు చివరకు వేలం పాటకు దారితీస్తుంది. అందులో బ్యాంకుకు గాని, రుణగ్రహీతకు గాని మేలు లేదు. సాధారణంగా వాయిదా గాని వడ్డీ గాని 90 రోజులకు మించి బకాయి పడితే ఆ ఖాతా నిరర్థక ఆస్తిగా పరిగణింపబడుతుంది. స్వల్పకాలిక పంటల రుణానికి మాత్రం రెండు పంట కాలాలు గడువుగా లెక్కిస్తారు. ఆకాశాన్ని నమ్ముకొన్న రైతుకు నెలవారీ జీతగాని కొలమానం సరిపోదని గుర్తించినందువల్లనే ఈ భేదం ఏర్పడింది.

మేనేజరు మనస్సాక్షికి తరచు పరీక్ష పెట్టేది కౌలు రైతు సమస్య. పొలం ఒకరిది, సాగు మరొకరిది. పట్టాదారు పాసుపుస్తకం యజమాని పేరున ఉంటుంది. ఆ భూమిపై అతడు అప్పటికే పంట రుణం తీసుకొని ఉండవచ్చు. విత్తనానికీ ఎరువుకూ పెట్టుబడి కావలసినవాడు మాత్రం కౌలుదారు. అతని చేతిలో చూపదగిన కాగితం ఉండదు. ఈ చిక్కును తొలగించడానికి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో ఒక చట్టం ద్వారా సాగుదారులకు రుణ అర్హత కార్డులు ప్రవేశపెట్టారు. 2019లో వచ్చిన మరో చట్టం పంట సాగుదారు హక్కు పత్రాలను కల్పించింది. నలుగురి నుండి పదిమంది వరకు రైతులు ఒకరికొకరు పూచీగా నిలిచే ఉమ్మడి బాధ్యత సంఘాల పద్ధతి మరొక మార్గం. అయినప్పటికీ చట్టం దారి చూపగలదే కాని నిర్ణయం తీసుకోలేదు. మేనేజరు నిరాకరిస్తే ఆ రైతు అధిక వడ్డీకి ప్రైవేటు అప్పు వైపు మళ్ళుతాడు. విచారించకుండా అంగీకరిస్తే డిపాజిటుదారుల సొమ్ము ప్రమాదంలో పడుతుంది. గ్రామానికి వెళ్ళి, ఇరుగుపొరుగును విచారించి, పంటను కంటితో చూచి నిర్ణయించేవాడే ఈ రెండు అనర్థాలనూ తప్పించగలడు. భారతీయ వాణిజ్య బ్యాంకులు తమ రుణాల్లో 40 శాతాన్ని ప్రాధాన్య రంగాలకు, అందులో వ్యవసాయానికి 18 శాతాన్ని కేటాయించాలని రిజర్వు బ్యాంకు నిర్దేశించింది. ఈ అంకెలు సార్థకం కావడం శాఖలోని మనిషి వివేకంపై ఆధారపడి ఉంటుంది.

పేదలకు ఇచ్చిన అప్పు తిరిగిరాదనే అభిప్రాయం సరికాదని స్వయం సహాయక సంఘాలు నిరూపించాయి. 1992లో నాబార్డు ప్రయోగాత్మకంగా ప్రారంభించిన సంఘాల–బ్యాంకుల అనుసంధానం తెలుగు నేలపై విశేషంగా విస్తరించింది. ఆస్తి హామీ లేని మహిళలు పరస్పర విశ్వాసాన్నే హామీగా చూపి రుణాలు పొందారు.

సాంకేతిక విజ్ఞానం ఈ వృత్తిలో పెనుమార్పులు తెచ్చింది. 2016లో యూపీఐ ప్రవేశించిన తరువాత చిన్న చెల్లింపుల కోసం శాఖకు రావలసిన అవసరం తగ్గింది. కాని మోసాల స్వరూపం మారింది. పోలీసులమని ఫోనులో బెదిరించి, ‘డిజిటల్ అరెస్టు’ పేరిట వృద్ధుల పొదుపును కాజేసే ముఠాలు బయలుదేరాయి. మన చట్టాల్లో అటువంటి అరెస్టు లేనేలేదు. ఏళ్ళ తరబడి కదపని డిపాజిట్టును ఒక వృద్ధుడు వణుకుతున్న చేతులతో అకస్మాత్తుగా రద్దు చేయమని కోరినప్పుడు, యంత్రం ఆ పనిని క్షణంలో పూర్తిచేస్తుంది. శ్రద్ధ గల మేనేజరు అతనిని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, సొమ్ము ఎవరికి పంపుతున్నారని అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్న ఒక జీవితకాలపు పొదుపును కాపాడవచ్చు.

ఈ పదవిని చేరుకోవడానికి ఏ శాఖలోనైనా డిగ్రీ పట్టా ఉంటే చాలు. ఇంటర్మీడియట్‌లో వాణిజ్యశాస్త్రమే చదివి ఉండాలన్న నియమం లేదు. 2011 నుండి ఐబీపీఎస్ సంస్థ పలు ప్రభుత్వరంగ బ్యాంకుల కోసం ఉమ్మడి పరీక్ష నిర్వహిస్తున్నది. స్టేట్ బ్యాంకు తన పరీక్షను తానే జరుపుకొంటుంది. ప్రాథమిక పరీక్ష, ప్రధాన పరీక్ష, మౌఖిక పరీక్ష అనే దశల్లో గణితం, తార్కిక శక్తి, ఆంగ్లం, ఆర్థిక విషయాల పరిజ్ఞానం పరీక్షింపబడతాయి. ఎంపికైనవారు ప్రొబేషనరీ అధికారులుగా శిక్షణ పొందుతారు. అనుభవం, పదోన్నతులతో మేనేజరు, సీనియర్ మేనేజరు, చీఫ్ మేనేజరు స్థాయిలకు ఎదుగుతారు. గుమాస్తాగా చేరినవారు కూడా పదోన్నతి ద్వారా అధికారులు కాగలరు. ఆంగ్ల సాహిత్యం చదివిన అరుంధతీ భట్టాచార్య 1977లో ప్రొబేషనరీ అధికారిగా చేరి, 2013లో స్టేట్ బ్యాంకు తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. వ్యవసాయశాస్త్ర పట్టభద్రుడు, తెలుగువాడు అయిన చల్లా శ్రీనివాసులు శెట్టి 1988లో అదే విధంగా చేరి, 2024 ఆగస్టులో ఆ బ్యాంకు అధ్యక్ష పదవిని చేపట్టారు.

ఈ వృత్తిలో కష్టాలు లేకపోలేదు. కొన్నేళ్ళకొకసారి బదిలీలు తప్పవు. భాష తెలియని రాష్ట్రంలో పనిచేయవలసి రావచ్చు. డిపాజిట్లు, రుణాలు, బీమా పథకాల లక్ష్యాలు నిత్యం తరుముతుంటాయి. పలుకుబడి గలవారి సిఫారసులు వస్తాయి. అనర్హునికి మర్యాదగా ‘కాదు’ అని చెప్పడం, పలుకుబడి లేని అర్హునికి ‘అవును’ అని చెప్పడం, ఈ రెండింటికీ ధైర్యం కావాలి. సంతకం చేసిన కాగితం ఏళ్ళు గడిచినా జవాబు అడుగుతుంది.

కాబట్టి ఈ రంగంలో అడుగుపెట్టదలచినవారు లెక్కల్లో నేర్పును, మాటల్లో మన్ననను, నిర్ణయాల్లో నిష్పక్షపాతాన్ని విద్యార్థి దశలోనే అలవరచుకోవాలి. పరుల సొమ్మును తన సొమ్ముకంటె జాగ్రత్తగా చూడగలగడం, పరుల అవసరాన్ని తన అవసరంవలె భావించగలగడం, ఈ రెండూ ఒకే మనిషిలో ఇమిడినప్పుడే మంచి బ్యాంకు మేనేజరు రూపొందుతాడు.