బిడ్డను కనిపెట్టుకొన్న గంటలకు కూలి

భర్తకు నాచారము ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు, భార్యకు ఉప్పల్‌లో ఆఫీసు, కాపురము నాగారములో. ఇంట పెద్దదిక్కు లేదు. ఏ నెలాఖరునో ఆమె ఆలస్యముగా రావలసి వచ్చును. అప్పుడు వీధిలోని యొకామెను పిలిచి, “కాస్త పిల్లవానిని చూచుకోవమ్మా” అందురు. రాత్రి ఆమె వెళ్లునపుడు తోచిన నోటొకటి చేతిలో పెట్టుదురు. ఇచ్చినవారికి ఎక్కువయినదేమో యని సందేహము. పుచ్చుకొన్నామెకు తక్కువయినదని చెప్పుటకు మొగమాటము. ఈ చిక్కు విడుటెట్లు?

ఈ పనిలో కొలవవలసినది చేసిన చాకిరి కాదు, కట్టుబడియున్న కాలము. “పిల్లవాడు ఎనిమిదింటికే నిద్రపోయెను గదా, ఆమె చేసినదేమున్నది?” అనువారు కలరు. నిద్రించు బిడ్డను విడిచి ఆమె తన యింటికి పోగలదా? 2011 జూన్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివారిని గూర్చి ఆమోదించిన 189వ ఒడంబడికయు, పిలిచిన పలుకుటకు సిద్ధముగా వేచియుండు కాలమును, దేశ శాసనములు నిర్ణయించు మేరకు, పనిగంటలుగా ఎంచవలెననుచున్నది. మన దేశము దానిని ధ్రువీకరింపకున్నను, అందలి న్యాయము మన గడపకును వర్తించును.

ఇక లెక్క. మీ పేటలో నెలజీతముపై పిల్లలను చూచువారికి ఏమిచ్చుచున్నారో విచారింపుడు. అది 15,600 రూపాయలనుకొందము. దినమునకు 8 గంటల చొప్పున 26 దినములకు 208 గంటలు. అనగా గంటకు 75 రూపాయలు. అప్పుడప్పుడు వచ్చునామెకు నెలజీతపు ధీమా లేదు. తన పని మానుకొని వచ్చును. కావున మూడవ వంతు చేర్చి గంటకు 100 చేయుట ఉచితము. సాయంకాలము 5 మొదలు 9.30 వరకు 450 రూపాయలు. ఉప్పల్ కూడలిలో బస్సు నిలిచిపోయి మీకు గంట ఆలస్యమైనచో మరి 100. ఆమె ఇల్లు చేరుటకు ఆటోకు 60. మొత్తము 610. ఈ అంకెలు ఉదాహరణకు మాత్రమే, పద్ధతి ముఖ్యము. ప్రభుత్వము నిర్ణయించిన కనీస వేతనమునకు మాత్రము మీ రేటు తగ్గరాదు. వంట, అంట్లు కూడ చేయింపదలచినచో దానికి వేరుగా మాటాడుకొనవలెను.

పొరుగింటి పిన్నిగారు డబ్బు ముట్టననవచ్చును. ఒకనాటి సాయమైనచో మరియొకనాడు మీరును ఆమెకు అక్కరకు వచ్చిన చాలును. వారము వారము జరుగునపుడు మాత్రము ఆమె మంచితనమును జీతము లేని కొలువుగా మార్చరాదు. ఇక పదునాలుగేండ్లు నిండని బాలికను, “చిన్నపిల్ల, కొంచెమిచ్చిన చాలు” నని ఈ పనికి పెట్టుకొనుట న్యాయము కాకపోవుటయే గాక, 2016 నాటి చట్టసవరణ ప్రకారము నేరము కూడ.

గంటకింత, ఆలస్యమునకింత, దారిఖర్చు ఇంత యని పిలిచిననాడే చెప్పుడు. రాత్రి అలసి తలుపు తీయునామె మీ ముఖము చూచి కూలి ఊహించుకొనవలసిన అగత్యము ఉండదు.