ఎదురింట్లో అగ్నిపర్వతం

కగోషిమాలో టీవీ వాతావరణ వార్తలు కొంచెం వేరుగా ఉంటాయి. ఎండ ఎంత, వాన ఎంత అని చెప్పాక, సకురాజిమా కొండ మీద గాలి ఎటు వీస్తుందో కూడా చెబుతారు. అంటే ఈరోజు బూడిద ఎవరి నెత్తిన పడుతుందో అన్నమాట. దాన్నిబట్టి జనం ఉతికిన బట్టలు బయట ఆరేయాలో ఇంట్లో ఆరేయాలో తేల్చుకుంటారు. వేసవిలో గాలి ఊరి వైపు తిరుగుతుంది, చలికాలంలో ఎక్కువగా అవతలి ఓసుమి ద్వీపకల్పం వైపు. మేం వెళ్లింది డిసెంబర్ సెలవుల్లో కాబట్టి ఊళ్లో ఉన్నంతసేపూ మా చొక్కాలు శుభ్రంగానే ఉన్నాయి.

టోక్యోలో పన్నెండేళ్లుగా ఉంటున్నా జపాన్ దక్షిణపు కొసను చూడటం ఇదే మొదటిసారి. హకాటా నుంచి షింకాన్‌సెన్‌లో గంటన్నర లోపే చేరిపోతాం. జనాభా ఆరు లక్షలకు కాస్త తక్కువ. ఊరి ముందు కింకో అఖాతం, అందులో 1117 మీటర్ల సకురాజిమా. ఊరికీ కొండకూ మధ్య నాలుగు కిలోమీటర్ల నీళ్లే అడ్డం. ఏ వీధి చివర చూసినా అదే కనిపిస్తుంది, పైన పొగతో.

స్టేషన్ బయట ఒక విగ్రహాల గుంపు ఉంటుంది, తప్పక ఆగి చూడండి. 1865లో సత్సుమా సంస్థానం 19 మందిని మారుపేర్లతో రహస్యంగా ఇంగ్లండ్ పంపింది. అప్పట్లో అనుమతి లేకుండా దేశం దాటితే మరణశిక్షే. వాళ్లలో పదమూడేళ్ల పిల్లాడు నగసావా కనాయే తర్వాత కాలిఫోర్నియా చేరి, శాంటా రోజాలో ద్రాక్షతోటలు వేసి వైన్ వ్యాపారంలో పెద్ద పేరు తెచ్చుకున్నాడు. వీసా స్టాంపింగ్ గురించి వాపోయే మనం ఆ పిల్లాడి ముందు కాసేపు నిలబడొచ్చు.

సెంగన్-ఎన్ తోట బాగుంటుంది. 1658లో షిమాజు ప్రభువులు కట్టించుకున్నది. అఖాతమే తమ కొలను, సకురాజిమాయే తమ కొండ అన్నట్టు తోటను అమర్చుకున్నారు. ఫొటోలకు అంతకన్నా మంచి చోటు లేదు. కానీ నాకు గుర్తుండిపోయింది తోట కాదు, కొండ అవతలి పక్క.

ఫెర్రీ పావుగంటలో దాటిస్తుంది, రాత్రింబవళ్లు నడుస్తుంది. పైన వేడివేడి ఉడోన్ అమ్ముతారు. ఆ రసం చేపతో కాచింది కనుక శాకాహారులు అరటిపళ్లు తెచ్చుకోవడం మేలు.

దీవి మీద కొన్ని వేల మంది కాపురాలుంటున్నారు. రోడ్డు పక్కన బస్ షెల్టర్లలా కనిపించే మందపాటి కాంక్రీటు గూళ్లు రాళ్లు పడితే దాక్కోవడానికట. బడిపిల్లలకు పసుపుపచ్చ హెల్మెట్లు. సమాధులకు కూడా బూడిద పడకుండా చిన్న కప్పులు వేశారు. కార్పొరేషన్ వాళ్లు ఇంటింటికీ పసుపు సంచులు ఇస్తారు, ఊడ్చిన బూడిద అందులో నింపి, దానికని కేటాయించిన చోట పెట్టాలి. ఆ సంచి పేరుకి అర్థం 'బూడిదను జయించే సంచి' అట. చెత్త సంచికి అంత వీరోచితమైన పేరు నేనెక్కడా వినలేదు.

తూర్పు వైపు కురోకామి అనే పల్లెలో ఒక గుడి తోరణం ఉంది. మూడు మీటర్ల తోరణంలో ఇప్పుడు నేల మీద కనబడేది మీటరు మాత్రమే. మిగతాదంతా 1914 జనవరి 12న మొదలైన విస్ఫోటనంలో ఒక్క రోజులోనే కప్పడిపోయింది. తవ్వి తీద్దామని జనం అనుకుంటే, తర్వాతి తరాలు చూడాలని గ్రామపెద్ద ఆపించాడట. అప్పటిదాకా సకురాజిమా నిజంగానే దీవి. ఆ లావా ప్రవాహం సముద్రపు పాయను పూడ్చేసి దాన్ని ఓసుమి నేలకు అతికించింది.

అసలు చూడాల్సింది హిగాషి సకురాజిమా ప్రాథమిక పాఠశాల ఆవరణలో ఉంది. టూరిస్టు బస్సు దాని గురించి పెద్దగా చెప్పదు. 1924లో నిలబెట్టిన ఒక రాతిస్తంభం అది.

కథ ఇది. 1914 జనవరి 10, 11 తేదీల్లో దీవి మీద భూమి పదేపదే కంపించింది, బావుల్లో నీళ్లు మారాయి. గ్రామపెద్ద కగోషిమా వాతావరణ కేంద్రాన్ని మళ్లీ మళ్లీ అడిగాడు. సకురాజిమా పేలదు, వెళ్లిపోనక్కర్లేదు అని జవాబొచ్చింది. చాలామంది ముసలివాళ్ల మాట మీద అప్పటికే పడవలెక్కేశారు. అధికారిక కబురును నమ్మి ఆగినవాళ్లు చివరికి చలినీళ్లలో దూకి ఈదాల్సి వచ్చింది, కొందరు మునిగిపోయారు. ఆ సాయంత్రమే పెద్ద భూకంపం వచ్చి నగరంలోనూ జనం పోయారు. చనిపోయినవారు, గల్లంతైనవారు మొత్తం 58 మంది. ఊరివాళ్లను ఆపిన బాధతో ఆ గ్రామపెద్ద ఒక స్తంభం నిలపాలని కోరాడు, తర్వాతి పెద్ద నిలిపాడు. సిద్ధాంతాలను నమ్ముకోవద్దు, మార్పు కనబడగానే ముందుగా తప్పుకోండి అన్నది దాని మీది సారాంశం.

దీన్ని 'సైన్సు మీద అపనమ్మకపు రాయి' అని పిలవడం అలవాటైందట. నాకది సరిగ్గా అనిపించలేదు. అప్పటి పరికరాలు అంతంతమాత్రం, వాటికి కనబడలేదు. కనబడనిదాన్ని 'లేదు' అని చెప్పడంలోనే తేడా వచ్చింది. మా ఐటీ ఉద్యోగాల్లో ఇది రోజూ ఉండే గోలే: స్క్రీన్ మీద అన్నీ ఆకుపచ్చగా వెలుగుతుంటాయి, అవతల కస్టమర్ ఫోన్‌లో మొత్తుకుంటుంటాడు. మాకైతే పోయేది డబ్బు, ఇక్కడ పోయినవి ప్రాణాలు. మాది దివిసీమ. 1977 ఉప్పెన చూసిన మా నాయనమ్మ, తుపాను కబురు వచ్చినప్పుడల్లా రేడియో విని ఊరుకునేది కాదు. కరకట్ట మీదికి వెళ్లి గాలి చూసి వచ్చేది. ఆ రాయి ముందు ఆవిడే గుర్తొచ్చింది.

ఇప్పుడు సకురాజిమా అంత గట్టి నిఘా ఉన్న కొండలు తక్కువ. క్యోటో విశ్వవిద్యాలయం 1960లోనే ఇక్కడ పరిశోధన కేంద్రం పెట్టింది. సొరంగాల్లో ఉంచిన పరికరాలు భూమి వెంట్రుకవాసి ఒరిగినా పసిగడతాయి. 2022 జులై 24న రాళ్లు రెండున్నర కిలోమీటర్ల దూరం పడితే, సకురాజిమాకు మొదటిసారి అత్యున్నత స్థాయి హెచ్చరిక 5 ఇచ్చి, దగ్గరి ఇళ్లవాళ్లను తరలించారు. మూడు రోజుల్లో 3కి తగ్గించారు. 1914లో బయటికొచ్చినంత మాగ్మాలో చాలా భాగం అడుగున మళ్లీ చేరిందని శాస్త్రవేత్తలు అంటున్నారు. అందుకే ఏటా తరలింపు కసరత్తు చేస్తారు.

మరి ఇంత ప్రమాదం ఉంటే ఎందుకుండాలి? ఆ మట్టిలో పండే ముల్లంగి చూస్తే కొంత తెలుస్తుంది. 2003లో ఒకటి 31.1 కిలోలు తూగి గిన్నిస్‌కెక్కింది, వీధి మొత్తానికి సాంబారు పెట్టొచ్చు. కమలాలేమో నిమ్మకాయంత, తియ్యగా ఉంటాయి. అవి అమ్ముతున్న పెద్దావిడను 'భయం వేయదా?' అని అడిగాను. గుమ్మం పక్కన ఎప్పుడూ ఒక సంచి సర్ది ఉంటుందని చెప్పింది: మందులు, బ్యాంకు పుస్తకం, పాత ఫొటోలు. సైరన్ మోగేదాకా ఆగుతారా అంటే నవ్వింది. చిల్లర లెక్కపెడుతూనే ఒకసారి తలెత్తి పొగ ఎటు పోతోందో చూసి, ఆ చివరి బుట్ట మీద గుడ్డ కప్పింది.