దారి పక్కన దేవనహళ్ళి

"పెరటి చెట్టు మందుకు పనికిరాదు" అని మన పెద్దలు ఊరికే అనలేదు. బెంగళూరులో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు సెలవులు రాగానే హంపి వెళ్తాయి, మైసూరు వెళ్తాయి, బేలూరు హళేబీడులు చూసి వస్తాయి. తిరుపతి, శ్రీశైలం సరేసరి. నగరానికి నలభై కిలోమీటర్ల లోపున్న దేవనహళ్ళి కోట చూశారా అని అడిగితే మాత్రం ఎక్కువమంది చెప్పే జవాబు ఒకటే: "దేవనహళ్ళా? విమానాశ్రయం దగ్గర కదండీ!"

నిజమే. 2008 మే నెలలో అక్కడ విమానాశ్రయం ప్రారంభమైనప్పటి నుంచి మనకు ఆ దారి బాగా అలవాటైంది. పిల్లలను విదేశాలకు సాగనంపడానికి వెళ్తాం, అల్లుళ్ళను, మనవలను తీసుకురావడానికి వెళ్తాం. అదే జాతీయ రహదారి మీద హైదరాబాదు, అనంతపురం, కర్నూలు వెళ్ళే మన బస్సులు రాత్రిళ్ళు దేవనహళ్ళి మీదుగానే పోతాయి. అప్పటికి మనం నిద్రలో ఉంటాం. ఇన్నిసార్లు దాటి వెళ్ళిన ఊరిలో ఒక్క పూటైనా దిగి చూద్దామన్న ఆలోచనతో, మొన్న మాఘమాసంలో ఒక ఆదివారం నాడు ఎనిమిది కుటుంబాల వాళ్ళం ఒక వ్యాను మాట్లాడుకుని బయలుదేరాం. ఆ యాత్రా విశేషాలు, మళ్ళీ వెళ్ళదలచిన వారికి పనికివచ్చే వివరాలు ఈ వ్యాసంలో మనవి చేస్తున్నాను. నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాదు. బి.కాం. పూర్తిచేసి ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో లెక్కలు చూసుకుంటున్నవాణ్ణి. కనుక పండితులకు తెలియని సంగతులేవీ ఇందులో ఉండవు.

కోట ముంగిట మాస్టారు

ఉదయం ఏడింటికి బయలుదేరితే ఎనిమిదిన్నరకు కోట ముందున్నాం. ఆ ఊరివారే అయిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి మిత్రులొకరు ముందుగా మాట్లాడి ఉంచారు. ఆయన కన్నడంలో స్వాగతం చెప్పి, మా ఆడవాళ్ళు తమలో తాము తెలుగులో మాట్లాడుకోవడం విని చటుక్కున తెలుగులోకి మారిపోయారు. "రాండి సార్, రాండమ్మా, ఎండ ముదరకముందే కోట సూసుకోని వద్దాం" అన్నారు. ఆ యాస మాకు కొంత అనంతపురంలా, కొంత చిత్తూరులా వినిపించింది. "మాది ఈ ఊరే సార్. మా తాత, ముత్తాత అందరిదీ ఈ ఊరే. ఇంట్లో మాట తెలుగు, బళ్ళో చదువు కన్నడం" అన్నారు మాస్టారు.

ఈ ఊరికి, తెలుగుకు ఉన్న సంబంధం ఈనాటిది కాదు. దేవనహళ్ళికి ఉత్తరంగా, చిక్కబళ్ళాపురం వెళ్ళే దారిలో ఆవతి అనే గ్రామం ఉంది. కంచి ప్రాంతం నుంచి ఏడుగురు అన్నదమ్ములు తమ ఆడపడుచు మానం కాపాడుకోవడానికి రాత్రికి రాత్రి బండ్లు కట్టుకుని వచ్చి, ఆ దాపున కొండ కింద దిగి ఊరు కట్టుకున్నారని తరతరాలుగా చెప్పుకునే కథ. మొరసు ఒక్కలిగలని పిలిచే ఈ వ్యవసాయ కుటుంబాలలో చాలామంది ఇంటి భాష నేటికీ తెలుగే. ఆ ఆవతి వంశం వాడైన మల్లభైరేగౌడ 1501లో విజయనగర ప్రభువుల అనుమతితో దేవనహళ్ళిలో మట్టికోట కట్టించాడు. బెంగళూరు నిర్మాత కెంపేగౌడది కూడా ఆవతి మూలమే. ఆయన పేరిట 'గంగాగౌరీ విలాసం' అనే తెలుగు యక్షగానం ఉంది. విమానాశ్రయం ముందు 2022లో నిలిపిన 108 అడుగుల కెంపేగౌడ విగ్రహాన్ని కారు అద్దంలోంచి చూసే మన పిల్లలకు, ఆయన తెలుగు యక్షగానానికి కర్త అని చెబితే కొంచెం ఆగి మళ్ళీ చూస్తారు.

మట్టికోట నుంచి రాతికోట

మల్లభైరేగౌడ వంశం వారు రెండున్నర శతాబ్దాల పాటు పాలించిన ఈ కోటను 1749లో మైసూరు సేనలు ముట్టడించి పట్టుకున్నాయి. ఆ ముట్టడిలో చూపిన సాహసంతోనే హైదర్ అలీ అనే యువ సైనికుడు మైసూరు కొలువులో మొదటిసారి అందరి దృష్టిలో పడ్డాడు. మరుసటి సంవత్సరం, అంటే 1750లో, ఆయనకు ఇక్కడే కొడుకు పుట్టాడు. ఆర్కాటులో ఉన్న టిప్పు మస్తాన్ ఔలియా అనే సూఫీ సాధువు పేరు ఆ బిడ్డకు పెట్టారు. అతడే టిప్పు సుల్తాన్. ఆయన పుట్టిన చోటు కోటకు దగ్గరలోనే ఉంది. నాలుగు స్తంభాల మండపం లాంటి చిన్న కట్టడం, అందులో ఒక శిలాఫలకం. అంతే. ఆయనను గురించి వాదోపవాదాలు ఎన్ని ఉన్నా, అంత పెద్ద పేరుకు ఇంత చిన్న గుర్తా అని మా పిల్లలు ఆశ్చర్యపోయారు.

మనం నేడు చూసే రాతికోట హైదర్, టిప్పుల కాలం నాటిది. నేల మీంచి చూస్తే తెలియదు గాని కోట ఆకారం కోడిగుడ్డు లాగా ఉంటుంది. విస్తీర్ణం సుమారు 20 ఎకరాలు. చుట్టూ అర్ధచంద్రాకారంలో పన్నెండు బురుజులు. తూర్పున, పడమట ద్వారాలు. ద్వారాల మీది గచ్చు పనిలోని లతలు, పువ్వులు అక్కడక్కడ రాలిపోయినా ఇంకా నిలిచి ఉన్నాయి. అలంగం మీద ఇద్దరు మనుషులు పక్కపక్కన హాయిగా నడవవచ్చు. ఇటుకా సున్నంతో కట్టిన పిట్టగోడలో ఫిరంగులకు, తుపాకులకు వదిలిన కంతల గుండా చూస్తే ఒకవైపు పంటపొలాలు, ఇంకొకవైపు కొత్తగా లేచిన మేడలు కనిపిస్తాయి. తల మీదుగా మాత్రం విమానాలు పోతూనే ఉంటాయి.

1791లో మూడవ మైసూరు యుద్ధంలో ఈ కోట ఇంగ్లీషు వారి చేతికి చిక్కింది. వారి సేనాని లార్డ్ కారన్‌వాలిస్. పదేళ్ళ ముందు, 1781లో, యార్క్‌టౌన్ దగ్గర జార్జి వాషింగ్టన్ ముందు ఓడిపోయిన సేనాని కూడా ఈయనే. అమెరికా నుంచి సెలవుకు వచ్చిన ఒక మనవడు మాతో ఉన్నాడు. అక్కడి బడిలో ఆ పేరు విన్నవాడు. "ఆయన ఇక్కడికి కూడా వచ్చాడా?" అని ఆ బురుజు మీద కాసేపు కదలకుండా కూర్చున్నాడు.

పాడుబడని గుడి

ఈ కోటలో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి, లోపల ఇంకా ఊరు ఉండడం. వీధులున్నాయి, ఇళ్ళున్నాయి, ముగ్గులున్నాయి, గుళ్ళున్నాయి. వాటిలో పెద్దది వేణుగోపాలస్వామి ఆలయం. విశాలమైన ప్రాకారం, గుడి గోడల చుట్టూ రామాయణ ఘట్టాలు, బాలకృష్ణుని లీలలు చెక్కిన ఉబ్బెత్తు శిల్పాలు. ఒక్కొక్క బొమ్మ దగ్గర మాస్టారు పిల్లలను ఆపి, "ఇది ఏం కథ నాయనా, నువ్వు చెప్పు" అని అడిగేవారు. తెలిసినవాళ్ళు చెప్పారు. తెలియని చోట మా అమ్మగారి వయసు పెద్దవాళ్ళు అందుకున్నారు. పూజలు జరిగే గుడి కాబట్టి దీపం ఉంది, శుభ్రత ఉంది, గోడలకు కాపలా ఉంది. మనుషులు వెళ్ళని బురుజుల దగ్గర మాత్రం ముళ్ళపొదలు, ఖాళీ సీసాలు ఉన్నాయి. కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉందన్న బోర్డు ఆ పొదల పక్కనే ఉంది.

బి.కాం.లో మాకు తరుగుదల అని ఒక పాఠం ఉండేది. ఏ ఆస్తికైనా ఏటేటా కొంత విలువ కొట్టివేయాలి. పనిచేస్తున్న ఆస్తికి ఎప్పటికప్పుడు మరమ్మతు జరుగుతుంది. మూలన పడేసిన దానికి ఆ భాగ్యం లేదు. గుడిని, బురుజును పక్కపక్కన చూసినప్పుడు ఆ పాఠం గుర్తుకొచ్చింది.

చింతతోపులో వనభోజనం

మధ్యాహ్న భోజనానికి అదే తాలూకాలోని నల్లూరు చింతతోపుకు వెళ్ళాం. 54 ఎకరాలలో దాదాపు 300 చెట్లు. కొన్నిటి వయసు నాలుగు వందల ఏళ్ళ పైమాటేనని శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. మాను లోపల డొల్లగా మారి, పైన మాత్రం పచ్చగా చిగురించే చెట్లను అక్కడే చూశాను. 2007లో మన దేశంలోనే మొట్టమొదటి జీవవైవిధ్య వారసత్వ స్థలంగా దీనిని ప్రకటించారు. చెట్ల నడుమ శిథిలమైన చెన్నకేశవాలయం ఉంది. పులిహోర, దద్దోజనం డబ్బాలు విప్పిన తరువాత, పులిహోరను చింతతోపులోనే తినడం ఎంత సమంజసమో అని అందరూ నవ్వుకున్నారు. తిన్న ఆకులు, కాగితాలు ఒక్కటి వదలకుండా సంచిలో కట్టి వెనక్కి తెచ్చాం. దయచేసి మీరూ అలాగే చేయండి.

దేవనహళ్ళి పంపరపనసకు భౌగోళిక గుర్తింపు ఉందని చాలామందికి తెలియదు. కన్నడంలో చక్కోత అంటారు. ఒకప్పుడు పెరటిపెరట్లో ఉండిన చెట్టు ఇప్పుడు వెతికితే గాని కనిపించదని మాస్టారు చెప్పారు. విమానాశ్రయం వచ్చాక ఎకరం ధరకు రెక్కలొచ్చాయి. పంట రుణాల పుస్తకాలు చూసిన కంటికి ఈ మార్పు కొత్త కాదు. తోట అడిగే నీరు, పాతికేళ్ళ ఓపిక, స్థలం అమ్మితే వచ్చే సొమ్ము ముందు నిలవవు. అయినా అందరూ అమ్ముకోవడానికి సిద్ధంగా లేరు. ఈ తాలూకాలో 1,777 ఎకరాల సేకరణకు వ్యతిరేకంగా రైతులు మూడేళ్ళకు పైగా ఆందోళన చేయగా, 2025 జూలైలో కర్ణాటక ప్రభుత్వం ఆ సేకరణను విరమిస్తున్నట్టు ప్రకటించింది.

నందిలో సాయంత్రం

దేవనహళ్ళి నుంచి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, నందికొండ పాదాన ఉన్న నంది గ్రామంలో భోగనందీశ్వరాలయం ఉంది. ఇది క్రీస్తుశకం 9వ శతాబ్దపు గుడి. తొలి కట్టడంలో నొళంబ, బాణ రాజుల చేయి ఉంది. నొళంబుల రాజధాని హేమావతి మన శ్రీ సత్యసాయి జిల్లాలోనే ఉంది. ఆ తరువాత చోళులు, హొయసలులు, విజయనగర ప్రభువులు ఎవరికి తోచినంత వారు చేర్చుకుంటూ పోయారు. ప్రక్కప్రక్కనే అరుణాచలేశ్వరుడు, భోగనందీశ్వరుడు, నడుమ ఉమామహేశ్వరుడు. బాల్యం, యౌవనం, కల్యాణం ఈ మూడు గుళ్ళనీ, వైరాగ్యం కొండ మీది యోగనందీశ్వరుడనీ స్థానికులు చెబుతారు. అందుకే పైన గుడిలో ఉత్సవాలు ఉండవట. ఆవరణలోని శృంగితీర్థం అనే కోనేటి మెట్ల మీద కూర్చుంటే ఎంతసేపైనా లేవబుద్ధి కాదు. అక్కడికి దగ్గరలోనే ముద్దేనహళ్ళి, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి జన్మస్థలం. వారి ఇంటిపేరులోని మోక్షగుండం మన ప్రకాశం జిల్లా వైపు గ్రామమని పిల్లలకు చెప్పడం మరువకండి.

ఆ మెట్ల మీదే మాస్టారిని అడిగాను, మీ ఇంట్లో పిల్లలు తెలుగు మాట్లాడతారా అని. "మనవనికి అర్థమైతాది సార్, మాట్లాడేకి రాదు" అన్నారు. మా వ్యానులో వచ్చిన ఎనిమిది ఇళ్ళలో ఆరు ఇళ్ళ పరిస్థితి అదే. అయిదు వందల ఏళ్ళు బడి లేకుండా, పుస్తకం లేకుండా, ఇంటి మాటగా మాత్రమే ఈ ఊళ్ళో నిలిచిన తెలుగు, ఇప్పుడు ఒక్క తరంలో జారిపోతోంది. కన్నడం వల్ల కాదు. ఆయన రెండు భాషలూ సమంగా మాట్లాడుతూ బతికినవారు. ఇంట్లో మాట్లాడే అవసరం తగ్గడం వల్ల. బురుజుకు పట్టిన గతే దీనికీ పట్టకుండా చూడవలసినది మనమే. నాకు తెలిసిన మార్గం ఒక్కటే, వాడుకలో ఉంచడం.

వెళ్ళదలచినవారికి

మెజెస్టిక్ నుంచి దేవనహళ్ళికి సిటీ బస్సులు తరచుగా ఉన్నాయి. నల్లూరు, నంది కూడా కలిపి చూడాలంటే వ్యాను తీసుకోవడం మేలు. నలుగురూ పంచుకుంటే భారం కాదు. కార్తీకం నుంచి మాఘం వరకు ఎండ బాధ ఉండదు. అలంగం మీద కొన్నిచోట్ల పిట్టగోడ కూలిపోయింది కనుక చిన్నపిల్లల చేయి వదలవద్దు. గుళ్ళు మధ్యాహ్నం మూసివేస్తారు. కోటలోని గుడిని ఉదయం పూట, నందిని సాయంత్రం పెట్టుకోండి. ఊరివారినే ఒకరిని వెంటబెట్టుకోండి. వారికి నాలుగు రూపాయలు, మనకు నాలుగు కథలు.

చివరగా ఒక చిన్న విన్నపం. తిరిగి వచ్చాక పిల్లల చేత చూసిన దాన్ని గురించి తెలుగులో పది వాక్యాలు రాయించండి. రాయడం రాకపోతే చెప్పించి, తాతయ్యో నానమ్మో రాసిపెట్టండి. తప్పులున్నా ఫరవాలేదు. అవి మన పత్రికకు పంపితే పిల్లల పేజీలో చోటిస్తామని సంపాదకులు మాట ఇచ్చారు.